బ్లాకులు లేవు, షాకులు ఉన్నాయి

మా వైపు గుండెజబ్బు అంటే బ్లాకులే. ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లను పలకరించడానికి వెళ్లిన ఎవరైనా మొదట అడిగేది "ఎన్ని బ్లాకులు?" అని. ఆ తర్వాత "స్టెంటా, బైపాసా?" అని. 2015లో నాకు గుండెపోటు వచ్చినప్పుడు ఈ రెండింటికీ మా ఇంట్లో సమాధానం సిద్ధంగా ఉండేది. ఒకటే బ్లాకు, ఒకటే స్టెంటు. ఏడేళ్ల తర్వాత మళ్లీ ఆసుపత్రిలో పడ్డప్పుడు మాత్రం వచ్చినవాళ్లకు ఏం చెప్పాలో మా వాళ్లకు తోచలేదు. యాంజియోగ్రామ్‌లో కొత్త బ్లాకులు లేవు. పాత స్టెంటులో రక్తం బాగానే పారుతోంది. "అమ్మయ్య, ఏమీ లేదట" అని మా బావ ఊరంతా ఫోన్లు చేసి చెప్పాడు. అదే రోజు సాయంత్రం డాక్టరుగారు మా ఆవిడను, అబ్బాయిని పిలిచి, ఈయనకు ఛాతీలో, గుండె లయ తప్పితే లోపలి నుంచే షాక్ ఇచ్చి సరిచేసే ఐసీడీ అనే యంత్రం పెట్టాలి, లేకపోతే ఎప్పుడైనా ప్రాణం పోవచ్చు అన్నారు. ఏమీ లేకపోతే ప్రాణం ఎందుకు పోతుంది? ఈ ప్రశ్నకు జవాబు నాకు పూర్తిగా అర్థం కావడానికి ఏడాది పైనే పట్టింది.

నాది ఒంగోలు. గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లు చేసే వెల్డింగ్ షాపు. 2022 మే నెలలో ఒక మధ్యాహ్నం గేటు ఫ్రేముకు కొలతలు గీస్తుండగా ఉన్నట్టుండి గుండె దడదడ మొదలైంది. ఛాతీలో నొప్పి లేదు, చెయ్యి లాగలేదు, అందుకే ఇది గుండెపోటు అన్న ఆలోచన ఎవరికీ రాలేదు. మెల్లగా పెరిగిన దడ కాదు. ఒక క్షణం మామూలుగా ఉంది, మరుక్షణం పూర్తి వేగంలో ఉంది. ఒళ్లంతా చెమటలు. కళ్లముందు సుద్దముక్కతో గీసిన గీత రెండుగా కనిపించింది. "మేస్త్రీ, కూర్చోండి" అని పనిపిల్లవాడు స్టూలు లాగాడు. మా అబ్బాయి మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టబోయి, అందక, నన్ను ఆటోలో వేసి పక్క వీధిలోని నర్సింగ్ హోముకు తీసుకెళ్లాడు.

అక్కడ డ్యూటీలో ఉన్నది ఒక చిన్న వయసు డాక్టరమ్మ. ఈసీజీ తీసి చూసి, "ఇంతకుముందు గుండెపోటు వచ్చిందా?" అని ఒక్కమాట అడిగింది. అవునన్నాం. ఆమె ఇంకేమీ అడగలేదు. నర్సులను కేకేసి షాక్ యంత్రం ఉన్న బండి తెప్పించింది. పాత గుండెపోటు ఉన్న మనిషికి ఈసీజీలో గీతలు వెడల్పుగా, ఇంత వేగంగా వస్తుంటే, కాదని తేలేవరకూ అది వెంట్రిక్యులర్ టాకికార్డియానే అనుకుని వైద్యం చేయాలన్నది వాళ్ల నియమమట. వీటీ అంటారు. గుండె కింది గదుల్లో పుట్టే ప్రమాదకరమైన వేగం అది. నాకు నిమిషానికి 190 ఉంది, రక్తపోటు 80కి పడిపోయింది. అది ఇంకొంచెం ముదిరి వీఎఫ్‌గా, అంటే వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్‌గా మారితే గుండె కొట్టుకోవడం మాని ఊరికే వణుకుతుంది. రక్తం బయటికి పోదు. అప్పుడు మనిషి చేతిలో ఉండేవి నిమిషాలే. షాక్ ఇవ్వడం ఒక్కో నిమిషం ఆలస్యమయ్యేకొద్దీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. నేను ఆ ఇవతలి ఒడ్డున ఉండగానే ఆమె నాకు మత్తు ఇంజక్షన్ ఇచ్చి షాక్ కొట్టింది. మెలకువ వచ్చేసరికి ఛాతీ మీద జెల్లీ, చర్మం మీద ఎర్రగా రెండు మరకలు. గుండె నిమిషానికి 78. ఆమె పేరు ఇక్కడ రాయను గానీ, ప్రతి సంక్రాంతికీ మా ఇంటి నుంచి అరిసెలు వెళ్తాయి.

యాంజియోగ్రామ్, ఐసీడీ మాట అంతా విజయవాడలో. అక్కడి డాక్టరుగారు ఓపికమంతులు. కాగితం మీద గుండె బొమ్మ వేసి చెప్పారు. 2015లో గుండెపోటు వచ్చినప్పుడు గుండె ముందుగోడలో కొంత కండ చచ్చిపోయి మచ్చగా మారింది. స్టెంటు రక్తనాళాన్ని తెరిచింది, చచ్చిన కండను బతికించలేదు. ఆ మచ్చ అంతా ఒకే గట్టి ముద్ద కాదు. మధ్యమధ్యలో సన్నటి పోగుల్లా బతికున్న కండ మిగిలి ఉంటుంది. గుండెను కొట్టించే విద్యుత్తు ఆ పోగుల్లోంచి చాలా నెమ్మదిగా పాకుతుంది. అది అవతలికి వచ్చేసరికి చుట్టుపక్కల కండ మళ్లీ సిద్ధంగా ఉంటుంది కాబట్టి దాన్ని మళ్లీ రేపుతుంది, తిరిగి మచ్చలోకి దూరుతుంది. తన తోక తాను పట్టుకోవాలని తిరిగే కుక్కపిల్ల ఎలాగో అలాగ. ఎవరో అడ్డం పడితే తప్ప ఆగదు. మచ్చ ఏర్పడ్డ తర్వాత ఎన్నేళ్లకైనా ఇది మొదలు కావచ్చు.

ఇక్కడ నా బాధ ఒకటి చెప్పాలి. 2015 నాటి డిశ్చార్జి కాగితాల్లో, ఆ తర్వాతి ఎకో రిపోర్టుల్లో ఒక అంకె ఉంది. ఈఎఫ్ 32 శాతం. గుండె నిండినప్పుడు ఉన్న రక్తంలో ఒక్కో దెబ్బకు ఎంత శాతం బయటికి తోస్తుందో చెప్పే అంకె అది. మామూలు మనిషికి 55 పైన ఉంటుంది. గుండెపోటు వచ్చి, స్టెంటు వేసి, మందులు సరిగ్గా వాడిన తర్వాత కూడా కొన్ని నెలలకు అది 35 దాటకపోతే, వీటీ ఒక్కసారి కూడా రాకముందే ఐసీడీ గురించి ఆలోచించాలని వైద్యశాస్త్రం ఎప్పటి నుంచో చెబుతోంది. 2002లో మాడిట్-2 (ఈఎఫ్ 30, అంతకంటే తక్కువ ఉన్నవాళ్ల మీద), 2005లో ఎస్‌సీడీ-హెఫ్ట్ (35, అంతకంటే తక్కువ ఉన్నవాళ్ల మీద) అనే పెద్ద అధ్యయనాలు వచ్చాక ఈ విషయంలో వాదన పెద్దగా మిగల్లేదు. నాకు స్టెంటు వేసినచోట ఏడేళ్లపాటు ప్రతి చూపింపుకూ కొలెస్టరాల్ ఎంత, షుగర్ ఎంత అన్నారు. ఈ 32 గురించి ఒక్కరూ నోరు విప్పలేదు. ఖర్చు భరించలేడు అనుకున్నారో, తీరిక లేదో. భరించగలనో లేదో తేల్చుకోవాల్సింది నేను కదా. మీ ఇంట్లో పాత గుండెపోటు ఉన్నవాళ్లు ఉంటే ఈరోజే ఆ ఫైలు దింపి ఎకో రిపోర్టులో ఈఎఫ్ ఎదురుగా ఏముందో చూడండి. 35, అంతకంటే తక్కువ ఉంటే డాక్టరును నోరు తెరిచి అడగండి.

ఖర్చు విషయానికొస్తే, యంత్రం, ఆపరేషను, గది అన్నీ కలిపి బిల్లు నాలుగున్నర లక్షలు దాటింది. ఇంకా పదకొండు నెలలు మిగిలి ఉన్న చీటీని ఆ నెలే నష్టానికి పాడుకున్నాను. మిగిలింది మా బావమరిది సర్దాడు.

ఐసీడీ కథ నాకు ఆసుపత్రి మంచం మీద ఫోనులో చదువుకుంటే తెలిసింది. మిషెల్ మిరోవ్‌స్కీ అని ఒక డాక్టరు. వార్సాలో పుట్టాడు, ఇజ్రాయెల్‌లో పనిచేసేవాడు. ఆయన పైఅధికారి, గురువు అయిన హారీ హెల్లర్ ఇదే వీటీ వల్ల 1966లో చనిపోయాడు. ఇలాంటి మనిషిని నిత్యం ఆసుపత్రిలో ఉంచలేం, బయటికి పంపితే కాపాడలేం, మరి షాక్ ఇచ్చే యంత్రాన్నే మనిషి లోపల పెడితే అనుకున్నాడు మిరోవ్‌స్కీ. అప్పట్లో ఆ యంత్రం మోయడానికే బరువుగా ఉండేది. పేరున్న గుండె వైద్యులు కూడా ఇది జరిగేది కాదని కొట్టిపారేశారు. ఆయన అమెరికాలోని బాల్టిమోర్ వెళ్లి, మోర్టన్ మోవర్ అనే ఇంకో డాక్టరుతో కలిసి పదేళ్లకు పైగా దాని వెంటే పడ్డాడు. 1980 ఫిబ్రవరిలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో మొదటిసారి ఒక మనిషికి పెట్టారు. అప్పుడు ఛాతీ తెరిచి, యంత్రాన్ని పొట్టలో అమర్చేవాళ్లు. నాకు పెట్టింది అరచేతిలో పట్టే టైటానియం డబ్బా. ఎడమ భుజం కింద చర్మం కోసి, సంచిలా జాగా చేసి అందులో ఉంచారు. ఒక తీగను సిర గుండా గుండె కుడి కింది గదిలోకి దింపి అక్కడ గుచ్చారు. ఆ భాగానికి మాత్రమే మత్తు ఇచ్చారు కాబట్టి మాటలు వినపడుతూనే ఉన్నాయి. నొప్పి లేదు గానీ జాగా చేసేటప్పుడు గట్టిగా నొక్కుతున్నట్టు తెలిసింది.

పెట్టిన మర్నాడు కౌన్సెలింగ్. ఎడమ చేతిని ఆరు వారాలు భుజం దాటి పైకి లేపొద్దు, తీగ ఊడివస్తుంది. ఫోను ఎడమ జేబులో వద్దు, కుడి చెవి దగ్గరే. ఇండక్షన్ పొయ్యికి రెండడుగుల దూరం. షాక్ వస్తే ఆరు నెలలు బండి నడపొద్దు. ఇవన్నీ తలూపుతూ విన్నాను. "అయస్కాంతాలు దగ్గర పెట్టుకోకండి" అన్నప్పుడు మాత్రం మా అబ్బాయి నా మొహం చూశాడు. ఫ్రేము మూల సరిగ్గా 90 డిగ్రీలు రావడానికి మేం వాడే మాగ్నెట్లు ఉంటాయి, బాణం ఆకారంలో, ఎర్రరంగు పూత. పని చేస్తూ వాటిని నేను పెట్టుకునేది ఎడమ చొక్కా జేబులో. ఆ మాట చెప్పగానే టెక్నీషియన్ రాసుకుంటున్న కలం ఆపి డాక్టరును పిలుచుకొచ్చాడు. ఐసీడీ మీద బలమైన అయస్కాంతం ఉంటే, అది ఉన్నంతసేపూ యంత్రం ప్రమాదకరమైన లయను పట్టుకోవడం మానేస్తుందట. ఆసుపత్రుల్లో అవసరమైనప్పుడు కావాలనే అలా మాగ్నెట్ పెట్టి ఆపుతారు. అంటే నేను గుండెకు కాపలా పెట్టి, నా జేబుతోనే దాన్ని నిద్రపుచ్చేవాణ్ణి.

ఇక వెల్డింగ్. చేయొద్దనే చెబుతారని గుండె దిటవు చేసుకుని అడిగాను. డాక్టరుగారు ఐసీడీ కంపెనీ ఇచ్చిన పుస్తకం తెప్పించి చదివి చెప్పారు. 160 ఆంపియర్లకు లోపు అయితే చేయవచ్చు, కానీ ఆర్కు (వెల్డింగ్ మెరుపు) నుంచీ, మెషీన్ నుంచీ ఛాతీలోని యంత్రం కనీసం 60 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. కేబుళ్లు రెండూ దగ్గరగా చుట్టి ఉంచాలి, భుజం మీద వేసుకోకూడదు, ఎర్త్ క్లాంపు వెల్డు పడే చోటికి దగ్గరగా కట్టాలి, తడిలో చేయకూడదు, ఒంటరిగా చేయకూడదు. గేటు పనికి 10 గేజి రాడ్డు వాడితే 100, 120 ఆంపియర్లు చాలు. లెక్క ప్రకారం కుదురుతుంది. కానీ గ్రిల్లు పూలు అతికేవాడి ఛాతీ ఆర్కుకు అడుగున్నర దూరంలోనే ఉంటుంది. ఒకరోజు మా అబ్బాయి టేపు పట్టి కొలిచి, నా హోల్డరు తీసుకెళ్లి పైన అటక మీద పెట్టాడు. నేను మార్కింగ్, కటింగ్ లెక్కలు, బేరాలు చూసుకుంటున్నాను. గ్రైండరు, డ్రిల్లింగ్ మెషీన్ జానెడు పైన దూరం ఉంచి వాడుకోవచ్చు. అది మాత్రం వదల్లేదు.

ఐసీడీ చేసే పని గురించి చాలామందికి ఉన్న అపోహ నాకూ ఎవరో ఒకరు రోజూ చెబుతుండేవారు: "ఇక భయం లేదు, మెషీన్ పెట్టారుగా, తగ్గిపోయినట్టే." తగ్గదు. మచ్చ అక్కడే ఉంది. ఐసీడీ వీటీ రాకుండా ఆపదు, వచ్చాక చంపకుండా ఆపుతుంది. అది కూడా మొదటే షాక్ కొట్టదు. గుండె కంటే కొంచెం వేగంగా చిన్నచిన్న విద్యుత్ తట్లు వరుసగా ఇచ్చి, తిరుగుతున్న ఆ విద్యుత్తుకు దారి మూసేస్తుంది. ఇది మనకు దాదాపు తెలియదు. కుదరకపోతేనే షాక్. మొదటి చెకప్‌లో ఛాతీ మీద మౌస్ లాంటి పరికరం ఆనించి, టెక్నీషియన్ ఒక పొడుగాటి కాగితం ప్రింటు తీశాడు. ఒక తేదీ, తెల్లవారుజామున 3 దాటాక. ముందు మామూలు గీతలు, తర్వాత ఒకేలా దట్టంగా కోరల వంటి గీతలు, ఆపై యంత్రం వేసిన ఎనిమిది గుర్తులు, మళ్లీ మామూలు గీతలు. మొత్తం పదిహేను సెకన్లలోపే. "ఆ రాత్రి మీకేమైనా తెలిసిందా?" అన్నాడు. ఆ రాత్రి నాకు గుర్తున్నది దోమలు మాత్రమే.

షాక్ సంగతి వేరు. వర్షంలో తడిసిన చేతులతో హోల్డరు పట్టుకుని కరెంటు కొట్టించుకున్నవాణ్ణి నేను, అదొక లెక్క కాదనుకున్నాను. వెల్డింగ్ మెషీన్ దగ్గర ఉండేది 70, 80 వోల్టులు. ఐసీడీ తన బ్యాటరీ నుంచి శక్తిని కొన్ని సెకన్లు పోగుచేసుకుని దాదాపు 700, 800 వోల్టులతో ఒక్క క్షణంలో కొడుతుంది. దెబ్బ బయటి నుంచి కాదు, లోపలి నుంచి వస్తుంది. నాకు షాక్ వచ్చింది అన్నం తింటుండగా, కంచం ఎగిరి అవతల పడింది. నన్ను పట్టుకుని ఉన్న మా ఆవిడకు చిన్న చిమచిమ తప్ప ఏమీ కాలేదు, ఆ మాట ముందే చెప్పి ఉంచడం మంచిదైంది. ఒక్క షాక్ వచ్చి మనిషి బాగుంటే ఆసుపత్రికి ఫోను చేసి చెబితే చాలు. వెంటవెంటనే వస్తే, లేదా తర్వాత కూడా తల తిరుగుతుంటే వెంటనే వెళ్లాలి. ఆ తర్వాత కొన్ని వారాలు నేను అన్నం కంచం ముందు కూర్చోవాలంటే జంకాను. తీసుకున్న మందుల పక్కన ఈ జంకుకు కూడా మందు కావాలి. మా డాక్టరుగారు సిగ్గుపడొద్దని చెప్పి మానసిక వైద్యుల దగ్గరికి పంపారు, వెళ్లాను.

షాకులు తగ్గించడానికి అమియోడరోన్ మాత్ర మొదలుపెట్టారు. మంచి మందు, గడుసు మందు. దాని బరువులో మూడో వంతు పైగా అయోడినే. ఒంట్లో చేరితే నెలల తరబడి పోదు. థైరాయిడ్, లివరు, ఊపిరితిత్తులు క్రమం తప్పకుండా చూసుకోవాలి. నాకు ఏడాదిలోపే థైరాయిడ్ మందగించి, పరగడుపున ఇంకో మాత్ర చేరింది. ఎండలోకి వెళ్తే చర్మం మండేది, ఒంగోలులో ఎండ తప్పించుకుని ఎక్కడికి పోతాం? దాని ఇంకో చిత్రం చూడండి. అది నా వీటీని పూర్తిగా ఆపలేదు, నెమ్మది చేసింది. 190 ఉండేది 155 అయింది. యంత్రానికి 170 దాటితేనే పట్టుకోమని చెప్పి ఉంచారు. ఒక సాయంత్రం గంటల తరబడి దడ, ఆయాసం. ఐసీడీ మాత్రం ఉలుకూ పలుకూ లేదు. దాని దృష్టిలో నేను కాస్త పరుగెత్తుతున్న మనిషినంతే. ఆసుపత్రికి వెళ్తే ఆ హద్దును 140కి దించి, యంత్రం తట్లతోనే మామూలు చేశారు. ఐసీడీ పెట్టించుకున్నవాళ్లకు దడ వచ్చినా యంత్రం ఊరుకుంటే, అంతా బాగుందని అర్థం కాదు.

2023 వేసవిలో ఒక పెళ్లి భోజనం తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. ఒంట్లో నీరు తగ్గించే మాత్ర ఎప్పటిలాగే వేసుకుంటూనే ఉన్నాను, ఆపమని ఎవరూ చెప్పి ఉండలేదు. పొటాషియం 2.9కి పడిపోయింది. 3.5కు తగ్గకూడదు, తగ్గితే గుండె లయ తప్పుతుంది. ఆ రాత్రి షాకులు వరుసగా మొదలయ్యాయి. ఇరవైనాలుగు గంటల్లో మూడు, అంతకుమించి ఇలా వస్తే దాన్ని ఎలక్ట్రికల్ స్టార్మ్ అంటారు. ప్రతి షాకుకూ భయం, భయానికి ఒంట్లో అడ్రినలిన్, దానివల్ల ఇంకో వీటీ. అందుకే పొటాషియం, మెగ్నీషియం ఎక్కించి, గుండెను శాంతపరిచే మందు ఇచ్చి, నన్ను మత్తులో పడుకోబెట్టారు. 108లో తీసుకెళ్తున్నప్పుడు ఆ టెక్నీషియన్ కుర్రాడు నా చెయ్యి వదలకుండా "అయిపోయింది బాబాయ్, వచ్చేశాం" అంటూనే ఉన్నాడు. ఇంకా సగం దారి కూడా రాలేదప్పటికి.

తర్వాత హైదరాబాదులో అబ్లేషన్. అసలు మూలం మీద చేయి వేసే వైద్యం ఇదే. తొడ మొదట్లో రక్తనాళాల గుండా సన్నటి గొట్టాలు గుండెలోకి పంపిస్తారు. ఆ కొనతో లోపలి గోడను ఒక్కో చోటా తాకుతూ కంప్యూటర్ మీద గుండె బొమ్మ గీస్తారు. విద్యుత్తు బలంగా ఉన్న మంచి కండ ఊదారంగులో, చచ్చిన మచ్చ ఎరుపులో కనిపిస్తుంది. తర్వాత చూపించారు నాకు, నా గుండె ముందువైపు అరచేయంత ఎరుపు, దాని అంచు వెంట పసుపు, పచ్చ. ప్రమాదమంతా ఆ అంచుల్లోనే ఉంటుంది. వీటీని వాళ్లే కావాలని తెప్పించి, ఏ పోగులోంచి పాకుతోందో పట్టుకుని, అక్కడ రేడియో తరంగాల వేడితో కాలుస్తారు. 50 డిగ్రీలు దాటితే ఆ కండ ఇక విద్యుత్తును మోయదు. కొన చల్లగా ఉండటానికి సెలైన్ కారుతూనే ఉంటుంది. నాకు దాదాపు ఆరు గంటలు పట్టింది. ఇనుమును కాల్చి అతికించి బతికినవాణ్ణి, విడగొట్టడానికి కాల్చడం అప్పుడే విన్నాను.

సంతకం పెట్టించుకునే ముందు పక్షవాతం రావచ్చు, గుండెకు చిల్లు పడవచ్చు, మళ్లీ రెండోసారి చేయాల్సి రావచ్చు అని దాచకుండా చెప్పారు. ఐసీడీ తీసేస్తారా అని మా ఆవిడ అడిగింది. తీయరు. కాల్చింది ఈరోజు దొరికిన దారులనే, రేపు మచ్చలో కొత్త దారి పడొచ్చు. అందుకని కాపలా ఉండాల్సిందే. మొదటి రాత్రి కాలు కదపకుండా పడుకోవడమే అన్నిటికంటే కష్టమనిపించింది.

అప్పటి నుంచి షాక్ రాలేదు. రిపోర్టుల్లో వీటీ చిన్న తునకలు కనిపిస్తాయి, అవే ఆగిపోతున్నాయి. విరేచనాలైనా, వాంతులైనా నీటి మాత్ర విషయం ఏం చేయాలో ఫోను చేసి అడుగుతున్నాం, పొటాషియం చూపిస్తున్నాం. మా ఆవిడ, అబ్బాయి, షాపులో పిల్లలు అందరూ సీపీఆర్ నేర్చుకున్నారు, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతుగా నొక్కడం. అది నా ఒక్కడి కోసమే కాదు, ఆ వీధిలో ఎవరికైనా పనికొస్తుంది. యంత్రం బ్యాటరీ ఇంకో ఆరేళ్లు వస్తుందని కాగితం చెబుతోంది. అది అయిపోతే డబ్బా మొత్తం మార్చాలి కాబట్టి దాని పేరుమీద కొత్త చీటీ ఒకటి వేశాను. మా బావ ఇప్పటికీ ఎవరైనా అడిగితే "బ్లాకులేం లేవండి" అనే చెబుతాడు. అమియోడరోన్ సగానికి తగ్గించారు. దీపావళి తర్వాత చెకప్ ఉంది, పూర్తిగా ఆపేయొచ్చా అని అడగాలి.